బుడగలు వదిలేది ఎవరు?

(జాతీయ సైన్స్ దినోత్సవం సందర్భంగా ఢిల్లీ, నోయిడా, గుర్‌గావ్ శాఖల తెలుగు సిబ్బంది కుటుంబాల ఆత్మీయ సమావేశంలో, మన అధికారి ఒకరి సతీమణి, పాఠశాలలో జీవశాస్త్రం బోధించే ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



"సైన్స్ డే కదా, పిల్లలకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అని నిర్వాహకులు అడిగారు. "భోజనాల ముందు కాబట్టి తొందరగా ముగించు" అని మావారు అన్నారు. నేను ఎంచుకున్న విషయమేమో మురుగునీరు. భోజనాల ముందు ఈ మాట ఎత్తుతున్నందుకు ముందే క్షమాపణ చెప్పుకుంటున్నాను.

మేము బదిలీ మీద ఢిల్లీ వచ్చిన కొత్తల్లో మా అమ్మాయికి ఐదేళ్లు. మెట్రోలో వెళ్తుంటే "తదుపరి స్టేషన్ యమునా బ్యాంక్" అని వినిపించింది. "అమ్మా, ఇది నాన్న వాళ్ల బ్యాంకేనా?" అని అడిగింది. డబ్బా అంతా నవ్వింది. ఆ తర్వాత రైలు నది మీదికి వెళ్లింది. కిందికి చూసి, "నీళ్లు ఎందుకు నల్లగా ఉన్నాయి?" అంది. దానికి ఎవరూ నవ్వలేదు.

ఆ ఏడాది కార్తీక పౌర్ణమికి దీపం వదలాలని కాళింది కుంజ్ దగ్గరికి వెళ్లాం. మా గోదావరి ఒడ్డున పెరిగిన అలవాటు ఎక్కడికి పోతుంది? అరటి దొప్పలో వత్తి వెలిగించి నీళ్లలో పెట్టాను. దాని పక్కనే నీళ్లలోంచి బుడబుడమని బుడగలు వచ్చాయి. "చేపా?" అని మా అమ్మాయి అడిగింది. "ఇక్కడ చేపలు బతకవమ్మా" అన్నాను. "మరి బుడగలు వదిలేది ఎవరు?" అంది.

బయాలజీ టీచర్ని. అయినా ఆ రోజు "గ్యాస్‌లే" అని చేయి పట్టుకుని లాక్కొచ్చేశాను. ఆ ప్రశ్నకు సరైన జవాబు ఇవాళ చెబుతాను. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతోంది, వెనక వరసలో కూర్చుని ఉంది. కాస్త ఆలస్యమైంది, అంతే.

యమున పొడవు 1376 కిలోమీటర్లు. అందులో వజీరాబాద్ నుంచి ఓఖ్లా దాకా మన ఢిల్లీలో పారేది 22 కిలోమీటర్లు, అంటే రెండు శాతం కూడా లేదు. నదికి చేరే కాలుష్యంలో అత్యధిక భాగం మాత్రం ఈ కాస్త దూరంలోనే కలుస్తుంది. వజీరాబాద్ దాటగానే నజఫ్‌గఢ్ నాలా వచ్చి పడుతుంది, దాని వెనకే మిగతా నాలాలు. మురుగులో ఉన్న సేంద్రియ పదార్థాన్ని తినడానికి బాక్టీరియా ఎగబడతాయి. తింటూ నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వాడేస్తాయి. స్నానానికి పనికొచ్చే నది నీటిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని ప్రమాణం. ఢిల్లీ దిగువన చాలా చోట్ల, ముఖ్యంగా ఎండాకాలంలో, కొలిస్తే సున్నా వస్తుంది.

అప్పుడు మనం "నది చచ్చిపోయింది" అంటాం. చేప లెక్కలో అది నిజమే. కానీ ఒక చుక్క బురదనీటిని సూక్ష్మదర్శిని కింద పెడితే మరో లోకం కనిపిస్తుంది. భూమి మీద గాలిలో ఆక్సిజన్ పేరుకోకముందు, వంద కోట్ల ఏళ్లకు పైగా, జీవులన్నీ ఆక్సిజన్ లేకుండానే బతికాయి. నీళ్లలో ఆక్సిజన్ అయిపోతే ఆ పాత కాపురాలు మళ్లీ మొదలవుతాయి.

ఆ కాపురాల్లో ఒకదాని గురించే నేను చెప్పదలచుకున్నది. పిల్లలూ, పారమీషియం బొమ్మ గీశారుగా? చెప్పు ఆకారంలో ఉండి, ఒళ్లంతా సన్నని వెంట్రుకల్లాంటి శైలికలతో ఈదే ఏకకణ జీవి. ఆ జాతి జీవుల్ని సీలియేట్లు అంటారు. ఢిల్లీ విశ్వవిద్యాలయం జంతుశాస్త్రజ్ఞులు మన చుట్టుపక్కల నీళ్లలోని సీలియేట్లను చాలా ఏళ్లుగా పరిశీలిస్తున్నారు. వీటిలో కొన్ని ఆక్సిజన్ లేని బురదలోనే బతుకుతాయి. మెటోపస్, ప్లాజియోపైలా, ట్రైమీమా అని వాటి పేర్లు. మెటోపస్ అయితే కాస్త మెలితిరిగి ఉంటుంది, తడిబట్ట పిండినట్టు. పెద్ద జాతుల పొడవు మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. బాక్టీరియాను తిని బతుకుతాయి.

తినడం సరే, తిన్నదాన్ని శక్తిగా మార్చుకోవడం ఎలా? ఇక్కడ మన భీమవరం వాడిని తలుచుకోవాలి. జీవకణం ఖర్చు పెట్టే నాణెం పేరు ఏటీపీ. దాన్ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి గుర్తించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. మన కణాల్లో మైటోకాండ్రియా అనే భాగాలు ఆక్సిజన్ సాయంతో ఒక్క గ్లూకోజ్ అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు సంపాదిస్తాయి. ఆక్సిజన్ లేనివాళ్లకు అదే గ్లూకోజ్ నుంచి రెండో నాలుగో దక్కుతాయి. జీతం పదో వంతుకు పడిపోయిన ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోండి. ప్రతి పైసా లెక్కే.

ఈ సీలియేట్లలో మైటోకాండ్రియా స్థానంలో హైడ్రోజనోసోమ్‌లు అనే భాగాలు ఉంటాయి. 1973లో లిండ్‌మార్క్, మ్యూలర్ అనే శాస్త్రవేత్తలు మరో రకం ఏకకణ జీవిలో మొదట వీటిని గుర్తించి ఆ పేరు పెట్టారు. ఇవి ఆహారాన్ని విరిచి కొంచెం ఏటీపీ చేసి, మిగిలినదాన్ని హైడ్రోజన్ వాయువుగా బయటికి వదులుతాయి.

చిక్కు ఇక్కడే. హైడ్రోజన్ చుట్టూ పేరుకుంటే ఆ రసాయన చర్య ముందుకు సాగదు. మన బ్రాంచి మేనేజర్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బ్రాంచిలో ఇంత నగదే ఉంచుకోవాలని ఒక పరిమితి ఉంటుంది. డిపాజిట్లు వస్తూనే ఉంటాయి, పరిమితి దాటుతుంది, కరెన్సీ చెస్ట్‌కు పంపే బండి రాదు. ఆ రాత్రి మేనేజరుకు నిద్ర ఉండదు. సీలియేట్ పరిస్థితీ అదే. వచ్చిన హైడ్రోజన్‌ను ఎవరో ఒకరు వెంటనే తీసుకుపోవాలి.

ఆ తీసుకుపోయేవాళ్లు దాని ఒంట్లోనే కాపురం ఉంటారు. వాళ్లే మీథేన్ చేసే సూక్ష్మజీవులు, మెథనోజెన్‌లు. చూడడానికి బాక్టీరియాలా ఉంటాయి, కానీ బాక్టీరియా కాదు. వీటి వంశమే వేరని 1977లో కార్ల్ వోజ్, జార్జ్ ఫాక్స్ తేల్చారు. ఆ వంశాన్ని ఇప్పుడు ఆర్కియా అంటున్నాం. ఇవి నాలుగు హైడ్రోజన్ అణువులనూ ఒక కార్బన్ డయాక్సైడ్ అణువునూ కలిపి ఒక మీథేన్ అణువు, రెండు నీటి అణువులు చేస్తాయి. ఆ పనిలో వచ్చే కొద్దిపాటి శక్తే వాటికి బతుకుతెరువు. సీలియేట్‌కు గొంతుకు అడ్డంపడేదే వీటికి అన్నం.

ఒక్క పెద్ద సీలియేట్ లోపల ఇవి వేలల్లో ఉంటాయి. ప్లాజియోపైలాలో అమరిక చూడముచ్చటగా ఉంటుంది. ఒక హైడ్రోజనోసోమ్, దాని మీద ఒక ఆర్కియా, మళ్లీ హైడ్రోజనోసోమ్, మళ్లీ ఆర్కియా, ఇడ్లీ పాత్రలో ప్లేట్లు పేర్చినట్టు. హైడ్రోజన్ పుట్టిన చోటే ఖర్చయిపోతుంది. సీలియేట్ రెండుగా విడిపోయే సమయానికి లోపలివి కూడా విభజన చెందుతాయి. పిల్లలిద్దరికీ వాటా దక్కుతుంది.

వీటిని కనిపెట్టడం కూడా ముచ్చటైన కథే. మెథనోజెన్‌లలో ఎఫ్420 అనే పదార్థం ఉంటుంది. ఊదారంగు కాంతి వేస్తే అది నీలి ఆకుపచ్చగా మెరుస్తుంది. 1983లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు వాన్ బ్రుగెన్, స్టమ్, వోగెల్స్ ఇలాంటి వెలుగులో సీలియేట్లను చూపించి, లోపల మెరుస్తున్నవి మెథనోజెన్‌లేనని చెప్పారు. నల్లటి బురదలోంచి తీసిన ఒక జీవి, లోపల వేల దీపాలు. ఆ ఫొటో మొదటిసారి చూసినప్పుడు నాకు నా దొప్పలో దీపం గుర్తొచ్చింది.

"ఇందులో సీలియేట్‌కు నిజంగా లాభం ఉందా, లేక అద్దె కట్టని అద్దెదారులా?" అని మీరు అడగాలి. బ్యాంకు వాళ్లు కాబట్టి తప్పక అడగాలి. డెన్మార్క్‌కు చెందిన ఫెంచెల్, బ్రిటన్‌కు చెందిన ఫిన్లే ఆ లెక్క చూశారు. మెథనోజెన్‌లను మాత్రమే ఆపే రసాయనం కలిపి సీలియేట్లను పెంచారు. 1991లో వచ్చిన ఫలితం ఇది: పెద్ద జాతుల్లో ఎదుగుదల స్పష్టంగా తగ్గింది, చిన్న జాతిలో పెద్దగా తేడా రాలేదు. అర్థం ఏమిటంటే, చిన్న ఒంటి నుంచి హైడ్రోజన్ దానంతటదే బయటికి పోతుంది. పెద్ద ఒళ్లు ఉన్నవారికే లోపల పనివాళ్లు కావాలి.

పిల్లల కోసం ఇంకొక్క మాట. ఈ జంటను చూడడానికి యమున దాకా వెళ్లనక్కర్లేదు. రాత్రి వంటింట్లో లైటు వేయగానే పరుగెత్తే బొద్దింక ఉంది చూడండి, దాని పేగుల్లో నిక్టోథీరస్ అనే సీలియేట్ ఉంటుంది. దాని లోపల మెథనోజెన్‌లు ఉంటాయి. బొద్దింకలో సీలియేట్, సీలియేట్‌లో ఆర్కియా. దాని హైడ్రోజనోసోమ్‌లో సొంత డీఎన్‌ఏ మిగిలి ఉందని 1998లో తెలిసింది. హైడ్రోజనోసోమ్ అంటే ఒకనాటి మైటోకాండ్రియానే, ఆక్సిజన్ లేని చోట బతకడానికి రూపం మార్చుకుందని చెప్పడానికి అది గట్టి సాక్ష్యం. ఆ మైటోకాండ్రియా కూడా ఎప్పుడో మన కణాల్లోకి వచ్చి ఉండిపోయిన బాక్టీరియమే. 1967లో లిన్ మార్గులిస్ ఈ మాట గట్టిగా చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. ఇప్పుడు మా తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చెబుతారు. గేదె కడుపులోనూ ఇలాంటి జంటలే ఉన్నాయి. అది నెమరువేస్తూ త్రేన్చినప్పుడల్లా మీథేన్ బయటికి వస్తుంది.

ఇప్పుడు మా అమ్మాయి ప్రశ్నకు జవాబు. ఆ బుడగలు వదిలింది ఆర్కియా. ఎక్కువ భాగం బురదలో విడిగా బతికేవి, కొంత వాటా సీలియేట్ల లోపల కాపురం ఉండేవి. 1776లో ఇటలీలో వోల్టా, ఆ తర్వాత బ్యాటరీ కనిపెట్టిన వోల్టానే, మజోరె సరస్సు బురదను కర్రతో కలిపి, పైకి వచ్చిన బుడగల్ని సీసాలో పట్టి, ఆ గాలి మండుతుందని చూపించాడు. ఆ గాలే మీథేన్.

ఈ కాపురంలో ఇద్దరికీ లాభమే. కానీ లెక్క అక్కడితో ముగియదు. బయటికి పోయిన మీథేన్ ఇరవై ఏళ్ల లెక్కలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. గాజీపూర్ చెత్తకొండ ఎండల్లో అంటుకున్నప్పుడు మయూర్ విహార్ వాళ్లం కిటికీలు బిగించుకుంటాం. చెత్త అడుగున, గాలి దూరని చోట, ఈ ఆర్కియా చేసిన గ్యాసే ఆ మంటకు ఇంధనం.

అదే గ్యాసును మూతపెట్టి పట్టుకుంటే పొయ్యి వెలుగుతుంది. 1939లో మన ఢిల్లీలోనే, పూసాలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో, ఎస్.వి. దేశాయి పేడ నుంచి గ్యాస్ తీసే ప్రయోగాలు చేశారు. తర్వాత జశ్‌భాయి పటేల్ తేలియాడే డ్రమ్ము నమూనా తయారు చేస్తే, ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ దాన్ని ఊరూరా పంచింది. ఓఖ్లా మురుగుశుద్ధి కేంద్రంలో పుట్టిన గ్యాస్ ఒకప్పుడు చుట్టుపక్కల కాలనీల వంటిళ్లకు పైపుల్లో వెళ్లేది. హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో రోజూ మిగిలే వ్యర్థాల నుంచి, ఐఐసీటీ శాస్త్రవేత్తల పద్ధతిలో, కరెంటూ వంటగ్యాసూ తీస్తున్నారు. 1981-82లో జాతీయ బయోగ్యాస్ పథకం వచ్చినప్పుడు పల్లె బ్రాంచిల్లో పనిచేసిన పెద్దలు ఇక్కడ ఉన్నారు. గోబర్ గ్యాస్ రుణాల దరఖాస్తులు మీ చేతుల మీదుగానే వెళ్లాయి. మీరు మంజూరు చేసింది ఇటుకలకూ డ్రమ్ముకూ మాత్రమే కాదు, ఈ ఆర్కియాకు మూత ఉన్న ఇల్లు కట్టించారు.

చివరగా నా సొంత విషయం ఒకటి చెప్పాలి. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మా అపార్ట్‌మెంట్లలో మురుగు గుంట ఒకటి ఉంది. ఏడాదికోసారి నిండుతుంది. మూడేళ్ల క్రితం ఒక ఉదయం స్కూలుకు వెళ్తుంటే, ఇద్దరు కుర్రాళ్లు మూత తీసి, ఒకడు నడుముకు తాడు కట్టుకుని దిగుతున్నాడు. చూశాను. బస్సు పోతుందని ముందుకు నడిచాను. ఆ రోజు ఏమీ కాలేదు. అతను పైకి వచ్చాడు, డబ్బు తీసుకుని వెళ్లాడు. ఆ సాయంత్రం పేపర్లు దిద్దుతున్నాను. "చిత్తడి నేలల్లో వెలువడే వాయువు ఏది?" అని నేనే ఇచ్చిన ప్రశ్న. నలభై మంది పిల్లలు "మీథేన్" అని రాశారు. నలభై మార్కులు వేశాను. అప్పుడు నా చెయ్యి ఆగింది.

మూసి ఉన్న గుంట అంటే ఆ ఆర్కియా ఇల్లు. అక్కడ ఆక్సిజన్ ఉండదు. మీథేన్‌కు వాసన లేదు. కుళ్లిన గుడ్డు వాసన వచ్చేది హైడ్రోజన్ సల్ఫైడ్, అసలు విషం అది. అది బాగా ఎక్కువైతే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. వాసన తగ్గిందని మనిషి ధైర్యంగా దిగుతాడు. ఒకడు పడిపోతే కాపాడబోయినవాడు కూడా పోతాడు. అందుకే ఈ వార్తల్లో ఎప్పుడూ ఇద్దరు, ముగ్గురు అని ఉంటుంది.

మనిషిని ఇలా దించడం నేరమని 2013లోనే చట్టం వచ్చింది. మురుగు గుంటల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ పని ఆగాలని ఢిల్లీ కేంద్రంగా దశాబ్దాలుగా పోరాడుతున్నది మన తెలుగువాడే, కోలార్ బంగారు గనుల ఊళ్లో పుట్టిన బెజవాడ విల్సన్. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ బస్సు ఎక్కాను.

మరుసటి ఏడు మళ్లీ మూత తీశారు. ఈసారి ఆగాను. "భయ్యా, దిగొద్దు" అన్నాను. "రోజూ చేసే పనే మేడమ్ జీ, పది నిమిషాలు" అన్నాడు అతను. "లోపల గాలి లేదు" అన్నాను. "కూలి పోతుంది కదా" అన్నాడు. అదీ నిజమే. సొసైటీ కార్యదర్శి గారికి ఫోన్ చేస్తే, మెషీన్ పిలిస్తే ఖర్చెక్కువని విసుక్కున్నారు. మావారు కిందికి వచ్చి లెక్క వేశారు. ఫ్లాటుకు రెండు వందల చిల్లర పడుతుంది. ఆ ఇద్దరికీ ఆ రోజు కూలి ఇచ్చేశాం. సాయంత్రం సక్షన్ మెషీన్ వచ్చింది. గొట్టం పట్టుకుని, మూత దగ్గర నిలబడి, ఆ కుర్రాడే పని చేయించాడు. ఇప్పుడు మా సొసైటీ బడ్జెట్లో అది ప్రతి ఏడూ ఒక పద్దు. ఇంత చిన్న పనికి నాకు ఒక ఏడాది పట్టింది.

మీ ఇంటికి వెళ్లాక మూడు పనులు చేయండి. మీ అపార్ట్‌మెంట్ గుంట ఎలా శుభ్రం చేస్తున్నారో కనుక్కోండి. మనిషిని దించుతుంటే ఆపండి, మెషీన్ ఖర్చు మీటింగ్‌లో పెట్టించండి. రెండోది, వంటింటి తడి చెత్త విడిగా ఇవ్వండి. కొండ అడుగున కుళ్లితే గాజీపూర్ మంట, మూతపెట్టి కుళ్లిస్తే వంటగ్యాస్. మూడోది బ్యాంకులో ఉన్నవారికి. బయోగ్యాస్ రుణం ఫైలు మీ టేబుల్ మీదికి వస్తే దాన్ని అడుగున పెట్టకండి.

ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయి నిన్న రాత్రి ఈ ప్రసంగం విని ఇంకో ప్రశ్న వేసింది. "యమునలో ఆక్సిజన్ తిరిగి వస్తే, ఈ సీలియేట్లు, లోపలున్న ఆర్కియా ఏమైపోతాయమ్మా?" ఈసారి చేయి పట్టుకుని లాక్కెళ్లలేదు. అవి ఎక్కడికీ పోవు. ఆక్సిజన్ వాటికి గిట్టదు కాబట్టి అడుగున బురదలోకి సర్దుకుంటాయి. ప్రతి నదికీ, చెరువుకూ అడుగున అలాంటి చీకటి గది ఒకటి ఉంటుంది, ఉండాలి. వాళ్ల గది అది. పైనున్న నీళ్లు చేపలవి. మనం చేసిన తప్పు ఏమిటంటే నది మొత్తాన్నీ ఆ అడుగు గదిలా మార్చేశాం.

మావారు గడియారం చూస్తున్నారు. భోజనాలకు వేళయింది.